కుంచానికి ముప్పై

తోర్స్‌హావన్ నుంచి రెండు గంటల ఓడ.
సున్వా దిగేసరికి వాన అడ్డంగా కురుస్తోంది.
నోట్లో ఇంకా ఓడ కాఫీ చేదు.
ఉన్ని సహకార సంఘం వాళ్ళ ఫిర్యాదు ఒక్క ముక్క:
"మూడో కాటా రోజూ పొద్దున్నే చచ్చిపోతోంది."

చావలేదది.
వాకిట్లో నిలబడి చిరునామా అడుగుతోంది.
ఎనిమిదేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు
పద్నాలుగు మందికి సరిపడా గీత గీసి వెళ్ళిపోయాడు.
తలుపు తీయగానే ఫోన్లు దూరతాయి,
ప్రింటర్లు దూరతాయి,
బద్ధకంగా మేలుకునే కాటాకి పీట దొరకదు.

అట్టముక్క మీద పెన్సిలుతో లెక్క వేసింది:
కంప్యూటర్లు నాలుగు, ప్రింటర్లు రెండు, కాటాలు మూడు,
కార్డు మిషన్ ఒకటి, ఫోన్లు నాలుగు, రౌటరమ్మ ఒకతె.
పదిహేను.
ఒక్కటి. ఒకే ఒక్కటి ఎక్కువ.
ఎనిమిదేళ్ళ పంచాయితీకి అంతే కారణం.

"రెండువందల యాభై నాలుగు ఇచ్చెయ్యి, పోతుంది,"
అన్నాడు లెక్కలు రాసే హెయ్ని, చేపల పులుసు జుర్రుతూ.
"అద్దెలేని చిరునామాలకి పిసినారితనమేంటి?"

ఆమె వెంటనే జవాబివ్వలేదు.
ఆ మాటలో తప్పులేదు, అదే చిక్కు.
పెద్ద మైదానంలోనూ గొర్రె గొర్రేగా;
కాకపోతే ఒకడు కేకేస్తే అందరూ తలెత్తాలి,
పనిలేని వాళ్ళు కూడా.
రేపు ఎదురుగట్టు ఊరివాళ్ళూ కలుస్తామంటే
వాళ్ళకి పంచడానికి జాగా మిగలదు.

కిటికీ దగ్గర తుమ్మస్ తాత తల తిప్పకుండానే అడిగాడు:
"ఆ వాలు చూశావా? నలభై ఎనిమిది గొర్రెలకి.
ముత్తాతల నాటి చట్టం.
ఒకటి పెరిగితే రాయి బయటపడుతుంది,
పది తగ్గితే పచ్చిక ముదిరి పులుస్తుంది.
నీ యంత్రానికి ఎన్ని?"

"దానికి నలభై ఎనిమిది తెలీదు తాతా.
పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు.
మధ్యలో బేరం లేదు."

ఇక్కడ నేను ఊరుకోలేను.
ఇది మనం ఎరిగిన లెక్కే కదా:
రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల,
సోలకి రెట్టింపు తవ్వ, తవ్వకి మానిక,
మానికకి అడ్డ, అడ్డకి కుంచం.
గింజలు కొలిచిన చేతులు ఏ తీగా లాగకుండానే
రెండ్ల మెట్లెక్కి దిగేవి.
ముప్పై రెండు అరసోలలు ఒక కుంచం;
సున్వాకి ఆ పేరు తెలియదు,
కావాల్సింది మాత్రం సరిగ్గా ఒక కుంచమే.

అందులోనూ రెండు పోతాయి.
మొదటిది పొలానికి పేరు: దానిలో ఎవరూ కాపురం ఉండరు.
చివరిది అందర్నీ పిలిచే కేక: కేకలో ఎవరు నిద్రపోతారు?
మిగిలినవి ముప్పై.

గీత పక్కన ఇరవై ఏడు అని రాసింది.
"అంకె పెంచావు, పొలం కుదించావు,"
అన్నాడు తాత అనుమానంగా.
"ఇదివరకు ఇరవై ఎనిమిది. ఇప్పుడు ఒకటి తగ్గించా, రెట్టింపయింది."
ఆయన కాసేపు ఆలోచించాడు.
"ఓహో. కంచె సన్నబడితే మేత పెరుగుతుంది. అంతేగా."
కాలేజీలో రెండు వారాలు పట్టిందా సంగతి ఆమెకి.

శరదృతువులో కోతకి కెమెరాలు నాలుగొస్తాయి, కొత్త కాటా ఒకటి.
ఇరవై. పది ఖాళీ.
కూలీల ఫోన్లకి గోడ అవతల వేరే దొడ్డి, దానికి వేరే గేటు.
"ఆ పది ఎవరికి?" హెయ్ని.
"నాకూ తెలీదు."
"కవలలు పుట్టే ఏడుకి,"
అన్నాడు తాత, ఆమె తరఫున.

స్విచ్ మీద టేపు అంటించి రాసింది,
తడి చేత్తో, అక్షరాలు జారుతూ.
రేపటి ఓడకి ఇంకా పన్నెండు గంటలు.
మూడో కాటా మేలుకుంది, పందొమ్మిదో నంబరు తీసుకుంది,
ఎవరో దానిమీద మరిచిపోయిన బూడిదరంగు ఉన్నికట్ట
కేజీ నాలుగువందలని
ఎవరూ అడక్కుండానే చెప్పింది.