ఎనభై ఏడో పేజీ

మార్కాపురం బస్టాండు వెనక
దస్తగిరి అద్దె పుస్తకాల బంకులో
అట్ట ఊడిపోయిన పుస్తకం అది.
పేరెవరికీ తెలీదు.
గాడిద పుస్తకం అనేవాళ్లం.
రోజుకి అర్ధరూపాయి.
ముగ్గురం తలా పదిహేను పైసలేసుకుని
మిగిలిన అయిదూ బాకీ పెట్టేవాళ్లం.
ఆ అయిదులన్నీ ఇప్పటికీ బాకీనే.

నూట పన్నెండు పేజీలు.
ఒక ఊరి నీడను మంత్రగత్తె ఎత్తుకుపోతుంది.
చెట్టుకి నీడ లేదు, గోడకి లేదు,
మే నెలలో మా ఊరిలాగా
ఆ ఊరు మాడిపోతుంటుంది.
ఉప్పమ్ముకునే ఓబుడు గాడిదను తోలుకుని
నీడ తెస్తానని బయల్దేరతాడు.
ఏడు రోజులు నడిచాడు.
ఎనిమిదో రోజుకి కొండ అయిపోయింది.
అంతే రాసుంది.
ఆ రెండు ముక్కల మధ్య
మిద్దె మీద పడుకుని, నల్లమల వైపు చూస్తూ
నేనెన్ని రాత్రులు నడిచానో.

ఎనభై ఏడు లేదు.
ఎనభై ఆరు చివర గుహ తలుపు కిర్రుమంటుంది.
ఎనభై తొమ్మిదిలో వాడు తిరిగొస్తున్నాడు,
గాడిద మీద ఊరి నీడ
దుప్పటిలాగా మడతపెట్టి ఉంది,
వాడు ఏడుస్తున్నాడు.

గాడిద కాలు విరిగుంటదిరా, అన్నాడు చెన్నకేశవులు.
ఊరి నీడకి బదులు తన నీడ ఇచ్చొచ్చుంటాడు, అన్నాను నేను.
కాశింబీ చాలాసేపు బలపం కొరికి
"ఆమె తలుపు తీసి
అన్నం తిన్నావా అని అడిగుంటది" అంది.

సినిమా మూడు భాగాలు.
మూడు వేసవులు.
ఒక్కోటి మూడు గంటల పది నిమిషాలు.
మొదటిదానికి
పొదిలి డిపో కండక్టరు సెలవు పెట్టొచ్చాడు,
కాశింబీ మిషను మీద గుడ్డ కప్పి
కూతురు జరీనాని వెంటేసుకొచ్చింది,
పలకల కార్ఖానా నుంచి నేను
బూడిదరంగు చేతులతో.
తెర మీద గాడిద కనపడగానే ఈలేసినాం,
తలలు నెరిసినోళ్లం, సిగ్గు లేకుండా.

గాడిద మాట్లాడింది.
జోకులేసింది.
ఓబుడికి ఒక అన్న పుట్టుకొచ్చాడు,
అన్నకో రాజ్యం, రాజ్యానికో పగ,
మంత్రగత్తెకి పదివేల సైన్యం.
"ఆమె ఒంటరిది కదరా"
చీకట్లో కాశింబీ గొణిగింది.
ఏడు రోజుల నడక
రెండో భాగమంతా నడిచింది.
విశ్రాంతి తర్వాత కూడా కొండే.
"ఆఖరి స్టాపులో లేపండి" అని
చెన్నకేశవులు కళ్లు మూశాడు.

మూడో భాగంలో తలుపు తెరుచుకుంది.
నలభై నిమిషాలు తెరుచుకుంది.
మంత్రగత్తె పోయిన జన్మలో
ఓబుడి తల్లికి చెల్లెలంట.
అందుకేడ్చాడంట,
వానలో, నిదానంగా, నాలుగు వైపుల నుంచీ.
హాలంతా చప్పట్లు.
జరీనా కూడా కొట్టింది, దాన్నేమనగలం.
మేం ముగ్గురం
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక కూర్చున్నాం.

మా కార్ఖానాకి రాయి బండగా వస్తుంది.
పొర ఎక్కడుందో వేలితో తడిమి
ఉలి ఆనించి ఒక్క దెబ్బ.
పలచగా లేస్తేనే పలక.
బండనే బడికి పంపితే
పిల్లోడు మోయలేక చస్తాడు,
రాసేదెప్పుడు?
ఈ మాట ఆ డైరెక్టరుకి చెప్పాలని ఉంది.
నంబరు లేదు.

హాలు బయట బల్ల మీద
అదే పుస్తకం, కొత్త అచ్చు.
అట్ట మీద హీరో కండలు.
పేరు మొదటిసారి చదివాను.
బాగానే ఉంది, గాడిద మాత్రం లేదందులో.
మూడొందల తొంభై తొమ్మిది.
పేజీల లెక్క మారిపోయింది,
కిర్రుమన్న చోటు కోసం వెతికాను.
దొరికింది.
దాని కింద ఇంకో వాక్యం మొదలవుతోంది.
కళ్లు మూసుకున్నాను.

"చదవరా, ఎవరిది నిజమో తేలిపోద్ది"
చెన్నకేశవులు.
కాశింబీ ఏమీ అనలేదు.

కొన్నాను.
పలకల అట్టపెట్టెలకి కొట్టే పిన్నుల మిషనుతో
మొహం పక్కకి తిప్పుకుని
ఆ కాగితాలు రెండూ కలిపి
నాలుగు పిన్నులు కొట్టాను.
జరీనాకిచ్చాను.

అటూ ఇటూ తిప్పింది.
"ఇక్కడెందుకు కుట్టేశారు మామా?"
గోరు అప్పుడే పిన్ను కిందకి పోతోంది.

ఏం చెప్పాలో తోచలేదు.
"ముందు అన్నం తిను" అన్నాను.