లావు తీగ

టంగుటూరు దాటాక, రైలు కట్ట అవతల,
కాల్చని నెలల్లో బ్యారన్ మాకిచ్చారు.
అద్దె లేదు, కరెంటు బిల్లు మాత్రం మాదే.
ఎన్నేళ్ళ ఆకు పండిందో ఆ గోడల మధ్య,
ఆంప్ వెనక మూత తీస్తే
స్పీకరు కూడా చుట్ట వాసన కొట్టేది.

బాసు గిటారు షడ్రకన్నది. నేర్చుకునేవాణ్ణి నేను.
పగలు చీమకుర్తిలో రాయి కోసే మిషను దగ్గర
చెవుల్లో దూది పెట్టుకుని కాళ్ళతో వినేవాడు.
"బ్లేడు ఎంత లోతు దిగిందో అరికాలు చెప్పుద్దిరా.
ఇది కూడా అంతే.
చెవికంటే ముందు కుర్చీ కోడుకి తెలియాల."

నాకప్పుడు ఇరవై. వేళ్ళు ఆగేవి కావు.
ప్రణవ్ లీడ్ ఎక్కడికెళితే అక్కడికి
తోకలాగా నేనూ.
ఒక్క పాటలో నూటపద్నాలుగు స్వరాలు కొట్టానని
డ్రమ్స్ మీది వలి లెక్కబెట్టి మరీ మెచ్చుకున్నాడు.
షడ్రకన్న ఏమీ అనలేదు.
జేబులోంచి అయిదు రూపాయి బిళ్ళలు తీసి
ఆంప్ మీద వరసగా పెట్టాడు.
"నీ దగ్గరుండే డబ్బులియ్యే.
టీ తాగుతావో, బస్సెక్కుతావో నీ ఇష్టం.
అయిపోతే నడిచి పోవాల."

మొదటి బిళ్ళ వలి కాలికింద పెట్టాను.
కిక్ డ్రమ్ముకు ముందు పడితే తొందర,
కలిసి పడితే ఇద్దరిదీ ఒకటే దెబ్బ.
వెంట్రుకవాసి వెనక పడితే
గడప దాటిన మనిషి వెనకాలే
నీడ కూడా లోపలికొచ్చినట్టుంటుంది.
ఇంకోటి కెజియా ఊపిరి తీసుకునే సందులో.
ఆమె మాట మీద మాట కలపకూడదు,
ఆమె ఆగినప్పుడు
మౌనం కింద పీట వెయ్యాలి, అంతే.
మూడోది యాడ పెట్టాలో వారం దాకా తెలియలేదు.

పైన ప్రణవ్ నాలుగు కార్డులు మారుస్తుంటే
నేనూ నాలుగుసార్లు గెంతేవాణ్ణి.
"కదలమాక," అన్నాడు షడ్రకన్న. "వాణ్ణి తిరగనీ."
కదల్లేదు.
ఒకటే స్వరం,
పైన కార్డు మారిన ప్రతిసారీ
ఒక చోట ఓదార్పు, ఒక చోట బెదిరింపు.
నేనేమీ చెయ్యకుండానే పాట నా చుట్టూ తిరిగింది.
ఆ రాత్రి సైకిలు మీద ఇంటికి పోతా
గట్టిగా నవ్వుకున్నాను, కుక్కలు మొరిగాయి.

కొత్త తీగల సెట్టు కొనే స్తోమత లేదు.
పాతవి విప్పి ఇడ్లీ పాత్రలో ఉడకేసేవాడు.
వేళ్ళ జిడ్డంతా నీళ్ళలో నల్లగా తేలేది.
"సాంబారు కూడా చేసెయ్యనా?" అనేది వాళ్ళావిడ రూతు.
ఆరబెట్టి బిగిస్తే
పది రోజులు మళ్ళీ కంచులాగా పలికేవి.

పక్క షెడ్డులో గ్రేడింగు నడుస్తోంది.
పసుపు ఆకు ఒక కుప్ప, మచ్చలది ఒక కుప్ప.
బీడీ కోసమని బయటికొచ్చిన వలి
లోపలికి తల పెట్టి, ఇటు రమ్మని సైగ చేశాడు.
చెంచమ్మ ఆకు ఏరతా
నోరు తెరవకుండా కూనిరాగం తీస్తోంది.
కెజియా పాట కాదది. ప్రణవ్ లీడూ కాదు.
నా అయిదు బిళ్ళలు.

చివరిది మాత్రం తప్పు.
నేను దిగే చోట ఆమె పైకి పోయి
కట్ట కింద పెట్టినట్టు అక్కడే వదిలేసింది.
సరిచేద్దామని నోరు తెరిచాను.
షడ్రకన్న నా భుజం మీద చెయ్యేసి నొక్కాడు.
రాళ్ళు మోసిన చెయ్యి.
ఆ రాత్రి అయిదో స్వరం మార్చేశాను.
దిగకుండా వదిలేసిన ఆ చోట
పాటకు తలుపు తెరుచుకుంది.

ఒంగోలు కాలేజీ పోటీలో అలాగే వాయించాం.
మూడో బహుమతి. జడ్జీలు లీడ్‌ని పొగిడారు.
మైకులో నా పేరు తప్పు చదివారు.
బయట స్కూటర్ల దగ్గర మాత్రం
ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లోడు
పెట్రోలు ట్యాంకు మీద వేళ్ళతో
అదే కొట్టుకుంటున్నాడు. అయిదోదానితో సహా.

సోమవారం పోయి చెంచమ్మకు చెప్పాను,
ఆ చివరి స్వరం నీదేనని.
నా వంక ఎగాదిగా చూసి,
"నేను పాడింది యాడయ్యా?
ఆకు దుమ్ముకు దగ్గొస్తంటే ఆపుకుంటన్నా," అంది,
ఇంకో కట్ట ముందుకు లాక్కుంటా.