మిస్సింగ్

ఉలవపాడు దాటి
మామిడి తోపుల నీడ అయిపోయే చోట
బండి ఒక మాట మింగింది.
తొక్కితే ఉలిక్కిపడి, ఆగి,
ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు మళ్లీ కదిలింది.

నేను కుట్టు మిషన్లు బాగుచేసేవాణ్ణి.
కుట్టు తప్పితే సూది చూస్తాను, దారం బిగువు చూస్తాను,
బాబిన్ కింద ఇరుక్కున్న పీచు ఊదేస్తాను.
ఇరవై ఎనిమిదేళ్ల ఈ ఓమ్నీకి
సూది ఎక్కడుందో నాకు తెలీదు.

వెనక మడతమంచం, చిన్న గ్యాసు పొయ్యి,
హార్లిక్స్ సీసాల్లో స్క్రూలు, కప్పుకి వేలాడే దోమతెర.
రామాయపట్నం నుంచి కందుకూరు దాకా
ఏ ఊళ్లో పొద్దుగూకితే ఆ రాత్రికి అదే మా ఊరు.
ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది,
పెంచలమ్మ కాళ్లు ముడుచుకుని కూచునే చోట.
"కింద టిక్కు టిక్కుమంటా ఉందయ్యా" అంది చవితినాడు.
పెట్రోల్లో నీళ్లన్నాను.
దీపావళికీ అంది.
రోడ్డు అట్టా ఉందిలే అన్నాను.

కావలి దగ్గర, ముసునూరులో ఖాజావలి షెడ్డు.
ఆయన స్పానర్ ముట్టలేదు. ముందు అడిగాడు.
చల్లగా ఉన్నప్పుడా, కాగినాకనా?
తొక్కితేనా, వదిల్తేనా?
వాన పడ్డ మర్నాడు ఎట్టుంటాది?
నేను చెప్పేలోగా ప్రతిదానికీ పెంచలమ్మే చెప్పింది.

ఫిల్టర్ విప్పి వెలుగుకి పట్టాడు.
కార్బొరేటర్ జెట్టులో నోటితో గాలి ఊదాడు.
పాయింట్లు గరుక్కాగితంతో రుద్దాడు.
ప్లగ్గులు మూడూ గోనె మీద వరసగా పెట్టాడు:
రెండు ఇటుకపొడి రంగు,
ఒకటి మాత్రం తడిసి, మసిబారి,
వానలో నానిన పొయ్యి కట్టెలాగ.

తుడిచి, మళ్లీ బిగించి,
ఇంజను ఆడతా ఉండగానే
ఒక్కో తీగా పీకాడు.
మొదటిది పీకితే బండి కూలబడబోయింది.
రెండోదీ అంతే.
మూడోది పీకితే
ఏమీ కాలేదు.
అదే దడ, అదే ఊగు.

"తీసినా తేడా రాలేదంటే
ఇది ఎప్పుడో పనెగ్గొట్టిందని, అబ్బయా.
ఇన్నాళ్లూ రెండే మోస్తా ఉండాయి."

టైరు మీద కూచున్న పెంచలమ్మ
"నన్ను పీకి చూడు ఒకసారి" అంది.
ఎవరూ నవ్వలేదు.
కాసేపటికి అందరం నవ్వాం.

కొత్త ప్లగ్గు. రెండు రోజులు సాఫీ.
మూడోనాడు కరేడులో, మంచు కురిసిన తెల్లారి,
గాలి సముద్రం నుంచి ఉప్పు మోసుకొచ్చిన పూట
మళ్లీ నత్తి.

"ఇది పగలు కనపడే జబ్బు కాదు" అన్నాడు ఫోన్లో.
"మాపటికి తీసుకురా."

రోడ్డు లైటు పడకుండా పట్టా కట్టాడు.
సెల్లు జేబులో పెట్టుకోమన్నాడు.
సీటెత్తి, ఇంజను ఆడించి,
చాకలి బండి మీది పిచికారీతో
తీగల మీద నీళ్లు చల్లాడు.

అప్పుడు చూశాం.
మూడో తీగ వంపులో,
పగలు కంటికానని పగుల్లోంచి
సన్నగా, నీలంగా
నిప్పు బయటికి కారిపోతా ఉంది.
ప్లగ్గు దాకా పోవాల్సిన మాట
పక్కనున్న ఇనుముకి చెప్పేసుకుంటా ఉంది.
టిక్కు.
టిక్కు.

పెంచలమ్మ వంగి చూసింది.
ఏమీ అనలేదు.
పైట చెంగుతో చేతికంటిన నీళ్లు తుడుచుకుంది, అంతే.
తిట్టినా బాగుండేది.

తీగల సెట్టు మార్చేసరికి పదకొండయింది.
పాతది పారెయ్యనీలేదు తను,
దోమతెర మూలకి కట్టుకోను పనికొస్తాదని.

ట్రంకు రోడ్డెక్కాక
ఒకటి, రెండు, మూడు,
మూడూ ఒక్క గొంతుతో పలుకుతుంటే
నాకు ఏలూ కాలూ ఆడలేదు సంతోషంతో.
ఒక మైలు పోయాక అడిగాను,
జీవితంలో మొదటిసారి అనుకుంటాను,
"ఇంకేమన్నా వినపడతా ఉందా నీకు?"

చాలాసేపు విన్నది.

"వెనక చక్రం. ఎడమది."

బండి పక్కకి తీశాను.