నెత్తురు డబ్బాకు టికెట్

మార్చి ముప్పై ఒకటిన అంజద్ ఆఖరి సంతకం పెట్టి పోయిండు.
పోయేముందు మైక్రోస్కోపు మీద నీలం గుడ్డ కప్పి
నాలుగు మూలలా గుంజి సరిచేసిండు,
పండిన పిల్లకు దుప్పటి కప్పినట్టు.
ఏప్రిల్ రెండున ట్యాబ్ వొచ్చింది,
అట్టపెట్టెల, ఛార్జర్ లేకుండ.
ఛార్జర్ది వేరే పద్దు అన్నరు.

మా సెంటర్ల సిగ్నల్ దొరకదు.
వెనుక గుండు ఎక్కితే రెండు గీతలు,
మేకల లాలూ జెర పక్కకు జరిగితే మూడు.

కేతావత్ మంగ్తికి ఛాతీల మంట లేచినప్పుడు
ఆమెను గుండు ఎక్కించలేను గదా!
తీగలంటించి, గీతల కాయితం తీసి
చెప్పులిడిసి నేనే ఎక్కిన.
తెర మీద నల్లగొండ డాక్టరమ్మ అన్నం తింటున్నది,
ముద్ద చేతిలనే ఆగింది.
"సైదమ్మా, గోలి నమలనియ్యి, అంబులెన్సును పిలువు,
ఆమెను ఒక్క అడుగు నడవనియ్యకు."
పదకొండు నిమిషాలు.
మునుపైతే జీపుకు డీజిలు అడిగేసరికే పొద్దు గూకేది.
ఉన్నమాట చెప్పాలె. నిన్న మంగ్తి జొన్నరొట్టె పంపింది.
ట్యాబును తిట్టబోయినప్పుడల్ల
ఆ రొట్టె యాదికొస్తది.

గానీ అది వేలిముద్ర అడుగుతది.
ముప్పై ఏండ్లు పత్తి ఏరిన బొటనవేలు,
ఫ్లోరైడు నీళ్ళకు వంకరవోయిన చెయ్యి,
అద్దం మీద పెడితే
"మళ్ళీ ప్రయత్నించండి" అంటది.
బుచ్చమ్మవ్వ వేలును కొంగుకు తుడిచింది,
ఉమ్మి తడి చేసింది,
"నేను నేనే గదనే" అని తెరను నిలదీసింది.
ఏడోసారికి ఒప్పుకున్నది.
అప్పటికి బీపీ నూట తొంభై.

పిల్లల నెత్తురు తీసేటప్పుడు అంజద్
"మీ బర్రెకు కొమ్ములెన్నిరా?" అని అడిగేటోడు.
వాడు లెక్క వెట్టేలోపల సూది బయటికొచ్చేది.
ఆ పనికి ఏ పద్దులా గడి లేదు,
అందుకే కోతల లెక్కకు కూడ రాలేదు.
ఇప్పుడు నేనడుగుత.
నాకు నవ్వడం రాదు, పిల్లలు ముందే ఏడుస్తరు.

మీటింగుల సార్లు గోడ మీద గీత చూపిచ్చిండ్రు:
ఖర్చు దిగింది, పరీక్షలు ఎక్కినయి.
గీత అబద్ధం చెప్పలేదు.
రాత్రి పదింటికి మా వంటింట్ల
నా మొగని ఫోన్ ఛార్జర్ గుంజుకొని
నేను ఎక్కించే పేర్లు మాత్రం అండ్ల కనపడయి.

నాలుగున్నరకు దేవరకొండ బస్సు.
థర్మాకోల్ డబ్బా ఒళ్ళె పెట్టుకొని నిలబడ్డ చోటనే కూసున్న.
లోపలి ఐసు, ఐస్‌క్రీం బండాయన ఉద్దెర ఇచ్చిందే.
కండక్టరమ్మ దిగి వొచ్చి,
"దీనికి టికెట్ కొట్టాల్నా?" అన్నది.
"లోపల ఇరవై ముగ్గురున్నరు" అన్న.
డబ్బాను చూసింది, నన్ను చూసింది,
తన సీటు కింద నీడ వట్టున జరిపింది.
"ఆడోళ్ళెంతమంది? జీరో టికెట్ కొడుత."
"పదహారు."
"మిగిలిన ఏడుగురిని నిలబడుమను," అని
విజిల్ ఊదింది.