భాగసంఖ్య నూట పన్నెండు

బోర్డు మీద బిదురుగానహళ్ళి,
మా నోట్లో బిదురుగానపల్లె.
సర్జాపుర రోడ్డు దిగి, కాంక్రీటు లారీల వెనకాల
సంచిలో జాబితాతో నడుస్తున్నాను.
వారమంతా అంగన్‌వాడీ టీచర్ని,
ఆదివారం ఓటర్ల బీఎల్‌ఓని.
నూట పన్నెండో భాగం, వెయ్యిన్నీ నలభై పేర్లు,
కన్నడంలో అచ్చయిన తెలుగు పేర్లే చాలామటుకు.

మా అవ్వ పిల్లమ్మ. జాబితాలో పుల్లమ్మ.
ముప్పై ఏళ్ళు పుల్లమ్మగానే ఓటేసింది.
దిద్దించుకోవాలంటే ఆనేకల్ పోవాల, ఒక దినం కూలి పోవాల.
"పుల్లమ్మ వేస్తే మాత్రం పడకుండా పోతాదా?" అనేది.
క్షేత్రమంటే ఆమెకి చేనే.
"మన క్షేత్రానికి నీళ్ళెప్పుడొస్తాయి సామీ?" అని
జీపులో వచ్చినాయన్ని అడిగితే
ఆయన చేతులు జోడించి
ఆ జోడించిన చేతులతోనే వెళ్ళిపోయాడంట.

అప్పుడు మాది సూలగుంట క్షేత్రం.
మొట్టమొదటి ఎన్నికలకి
నిలబడ్డ మనిషికొక పెట్టె, పెట్టె మీద గుర్తు.
అవ్వ వాళ్ళమ్మ తన చీటీ ఒకదాంట్లో వేసి
కొప్పులో చామంతి తీసి పక్కపెట్టె మీద పెట్టి వచ్చిందంట,
తట్టి చూస్తే అది ఖాళీగా మోగిందని.

తరవాత సీటు రిజర్వయింది.
గెలిచిన దొడ్డ మునిశామి
మా వీధికి దండం పెట్టడానికి వచ్చిన రోజు
పెద్దింటివాళ్ళు కుర్చీ వేశారు. అరుగు కింద.
కాఫీ ఇచ్చారు. గాజు గ్లాసులో.
వెనకాల ఫైళ్ళు మోసుకొచ్చిన గుమాస్తాకి అరుగు మీద, స్టీలు లోటాలో.
మునిశామి తాగి, గ్లాసు తనే కడిగి, బోర్లించి
"మీ వీధి ఓట్లన్నీ నాకే పడ్డాయి" అన్నాడంట నవ్వుతా.
ఒక్కరూ తలెత్తలేదు.
ఆ ఏడే ఊరికి బస్సొచ్చింది,
బస్సులో ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవాల.

ఎవరు ఎన్నిసార్లు గెలిచారో, ఎంత తేడాతోనో,
తాలూకాఫీసు బీరువాలో ఉంటుంది, కావాలంటే చూసుకోండి.
నాకు తెలిసింది గ్లాసు సంగతి.

ఒక వేసవిలో ఎవరో పటం పరిచి గీత గీశారు.
గీత మా రాగిమిల్లు వీధి నడుమన పడింది.
అవ్వ ఈ పక్క, ఆమె చెల్లెలు అక్కయమ్మ ఆ పక్క.
బోరింగు చెడిపోతే ఏ ఎమ్మెల్యేని తిట్టాలని
బిందెలు దించి మరీ తగూలాడుకునేవాళ్ళు.
చెరువు కట్ట మాకు, కోడి వాళ్ళకి.
నురగ మాత్రం రెండు పక్కలా.
సూలగుంట అనే పేరు
బస్సు బోర్డు మీద ఇంకో రెండేళ్ళు తిరిగి
అదీ డిపోలో ఆగిపోయింది.

ఇప్పుడు గేటు దగ్గర పేరు రాసి, ఫోటో దిగి లోపలికెళ్ళాలి.
రాయించుకునే కుర్రాడిది ఒడిశా,
తన ఓటు ఊళ్ళో ఉందో పోయిందో వాడికే తెలీదు.
నా ఊళ్ళోకి నేను విజిటర్ని, ఇరవై మూడో నంబరు.
పద్నాలుగో అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది,
చేతికి చపాతీ పిండి, చెవిలో ఫోను.
"మనదే నియోజకవర్గమండీ?" అందామె.
నోరు జారి సూలగుంట అన్నాను.
ఆమె ఫోన్లో వెతికింది. దొరకలేదు.
కిటికీలోంచి కిందకి చూశాను:
అవ్వ రాగి చల్లిన చోట కార్లు,
తెల్లవి, వరసగా, నాటినట్టు.

మెట్ల మీద కూర్చుని ఏడో నంబరు ఫారం తీశాను.
పేరు తొలగించుటకు కారణం:
మరణం, వలస, రెండుసార్లు నమోదు.
అవ్వ పోయి పదకొండు నెలలు.
నా పెన్ను మొదటి గడి దగ్గర కొంచెంసేపు ఆగి, టిక్కు పెట్టింది.
పేరు రాయబోయి జాబితా మళ్ళీ చూసుకున్నాను.
కొట్టేయాల్సింది పుల్లమ్మని.
పిల్లమ్మ ఏ జాబితాలోనూ లేదు.