రాత్రి వంతు

ఏడో మంచం హుసేనప్పకు మూడో రాత్రి కూడా నిద్ర లేదు.
"గండి పడిందిమ్మే, నీళ్లన్నీ పోతాండాయి" అని
చేతికి గుచ్చిన సెలైన్ గొట్టాన్ని
తూము చక్రంలా తిప్పబోతాడు.

సుంకేసుల కింద కాలువకు లస్కరట,
ముప్పైనాలుగేళ్లు.
ఏ రాత్రి ఏ ఊరి వంతో, షట్టరెన్ని మరలెత్తాలో
గడియారం చూడకుండా తెలిసిన మనిషి
కర్నూలు పెద్దాసుపత్రిలో
పొద్దెంతయిందని నన్నడుగుతున్నాడు.
ఇది తొమ్మిదోసారి.

ఈ గదికి కిటికీ లేదు.
రెండింటికి రక్తం తీయాలి, నాలుగింటికి ఎక్స్‌రే.
పక్క మంచం మానిటరు
ఎవరినో పిలుస్తూనే ఉంటుంది.

కుర్ర డాక్టరు చీటీ వెనక గీసి చూపించాడు:
చీకటి పడితే, తలలో కందిగింజంత గ్రంథి
మెలటోనిన్ వదులుతుంది.
నడిరేయికి గట్టుదాకా నిండి
తెల్లారేసరికి తీసేస్తుంది.
ముసలితనంలో ధారే సన్నం,
ఈ వెలుతురులో అదీ దారి తప్పుతుంది.
హుసేనప్పకని వేసిన గీత
మే నెల హంద్రీలా ఉంది.

కేసుషీటులో డెలీరియం అని రాశాను.
మనవడు గాలి సోకిందన్నాడు.
నిన్న చేతులు మంచానికి కట్టింది నేనే,
గాజుగుడ్డతో, రెండేసి ముళ్లు.

ఇవాళ విప్పాను.
స్టూలెక్కి ఏడో మంచం మీది ట్యూబులైటు
స్టార్టరు పీకి జేబులో వేసుకున్నాను.
అద్దాలు తొడిగి, చెవి దగ్గర వంగి చెప్పాను:
ఇది కర్నూలు. గురువారం రాత్రి. నీకు నెమ్ము చేసింది, తగ్గుతాంది.

"మరి తూముకాడ ఎవరుండారు?"

దానికి శిక్షణలో జవాబు నేర్పలేదు.
"నేనుండా."
"ఎన్ని మరలెత్తినావు?"
"మూడు."
"రెండు సాలు. కింద ఉల్లి మునిగిపోతాది, పాపం."

అలా అంటూనే నోరు కొంచెం తెరుచుకుంది.
గురక.
నలభై నిమిషాలు, నేను లెక్కపెట్టాను.

నాలుగింటికి ఎక్స్‌రే పిల్లోడు బండి తోసుకొచ్చి
లైటేదక్కా అన్నాడు.
పాడైందన్నాను.

ఎనిమిదింటికి డ్యూటీ దిగి
రాజవిహార్ దగ్గర ఆటో కోసం నిలబడితే
కళ్లలో ఇసుక, నెత్తిన ఎండ.
ఇంటికెళ్లి తలుపులన్నీ మూసినా
నా తూము తెరుచుకోదు, పదకొండేళ్లుగా ఇంతే.
చిల్లర కోసం జేబులో చెయ్యి పెడితే
చల్లగా తగిలింది
స్టార్టరు.