నాలుగడుగుల తలుపు

మా గుడి పక్కన రొట్టెలు కాల్చే గదిని
బేత్లెహేము అంటాం.
మిన్యాకి దిగువన, నైలు నది పడమటి గట్టున.
నాలుగడుగుల తలుపు.
ఎంతటివాడైనా వంగి రావాలి.
మా మామయ్య గత్తాస్ నలభై ఏళ్లు వంగాడు,
ఇప్పుడు బయట కూడా అలాగే నడుస్తాడు.

శనివారం అర్ధరాత్రి పిండి కలపాలి, పరగడుపున,
నోట కీర్తన తప్ప మాట లేకుండా.
గోధుమపిండి, నీళ్లు, మొన్నటి పులుపు ముద్ద.
ఉప్పు వెయ్యకూడదు.
ఎందుకని చిన్నప్పుడు అడిగితే
"తినేవాళ్ల దగ్గర ఉంటుందిలే" అన్నాడు.

వాళ్లు వచ్చిన రాత్రి పిండి పొంగుతోంది.
గుడికి గోపురం లేపుతున్నామని పుకారు.
మేం తెచ్చింది రెండు బస్తాల సిమెంటు,
కారుతున్న కప్పుకి.
టార్చిలైట్లు, కిరోసిన్, తెలిసిన గొంతులే
తెలియని కేకలై.
నేను పిండి తొట్టి వెనక నక్కాను. దాచడానికేముంది.
మామయ్య తలుపుకి కాదు, పొయ్యికి అడ్డం నిలబడ్డాడు,
దెబ్బలు తినబోయే పిల్లకి అడ్డం నిలబడినట్టు.
ఇనప రాడ్డు ఎడమ మణికట్టు మీద,
ఏడేళ్లప్పుడు పొడిపించిన
పచ్చబొట్టు సిలువ మీద పడింది.

కొట్టినవాణ్ణి ఇద్దరం గుర్తుపట్టాం:
నయీమా పెద్దమ్మ కొడుకు,
నీటి మోటార్లు బాగుచేసే షాబాన్.
పక్క మేడ మీంచి బకెట్లతో నీళ్లు కుమ్మరించి
మంట ఆర్పింది వాడి మేనత్తే.
ఇదీ చెప్పాలి, చెప్పకపోతే పాపం.

స్టేషన్లో ఎవరని అడిగారు.
"చీకటి బాబూ" అన్నాడు మామయ్య.
దారిలో నేను మండిపడ్డాను: అబద్ధమాడావు!
"ఆడాను. ఆదివారం ఒప్పుకుంటాను."

కైరో నుంచి కెమెరాలతో వచ్చారు.
క్షమించారా అని అడిగారు.
"లేదు. వాడు గుర్తొస్తే
ఇప్పటికీ పళ్లు కొరుకుతాను. ఇది రాయకండి."
వాళ్లు నిజంగానే రాయలేదు,
క్షమించాడనే రాశారు.
అబూనా ప్రసంగంలో తన పేరెత్తగానే
మామయ్య స్తంభం వెనక్కి పోయి
ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చాడు.

ఒంటి చేత్తో పిసికిన పిండి
ఒక పక్కకి వాలి పొంగుతుంది.
ప్రతి ఆదివారం పళ్లెంలోంచి అబూనా
మచ్చలేని రొట్టెనొకటి ఏరుతాడు, గొర్రెపిల్లగా.
ఆ వారం నుంచి నాదే ఏరాడు.
సిగ్గు విడిచి చెబుతున్నా, సంతోషించాను.
మామయ్య నా పిండి చేతిని ముద్దుపెట్టుకున్నాడు.
చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది.

ఏరకుండా మిగిలినవి పంచిపెడతాం.
అందులో ఒకటి, ఏళ్ల తరబడి,
చూపు పోయిన నయీమా పెద్దమ్మకి.
మూడు ఆదివారాలు ఆ ఒక్కటీ
మా గూట్లోనే ఎండి పెంకైంది.
నాలుగో ఆదివారం మామయ్య సంచీ పట్టుకున్నాడు.
ఏమవుతుందో చూద్దామనే
వెంట వెళ్లాను, భక్తితో కాదు.
సందు మొదట్లో ఆగాడు.
వెనక్కి తిరిగాడు. మళ్లీ నడిచాడు.
మళ్లీ వెనక్కి.
మూడోసారి తలుపు తట్టాడు.

తీసింది షాబాన్.
లోపలి చీకట్లోంచి ముసలి గొంతు:
"గత్తాసేనా? ఇన్నాళ్లూ ఏమైపోయావురా,
ఒంట్లో బాలేదా?"

ఆమెకి చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.

షాబాన్ గడప పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.
నాలుక చివర నా దగ్గర మాట ఉంది,
నెల రోజులుగా నూరుకున్న మాట.
మామయ్య ముందే అన్నాడు:
"అవునక్కా. చెయ్యి కాస్త నొప్పి చేసింది."

వాలిన రొట్టె ముందుకు చాచాడు.
షాబాన్ కట్టు వైపు చూశాడు, రొట్టె వైపు చూశాడు.
రెండు చేతులతో అందుకున్నాడు.
చాలాసేపటికి గొంతు పెగిలింది:
"కింది మెట్టు విరిగింది. చూసి దిగు."

అంతే. ఇంకేం జరగలేదు.
మామయ్య చూసే దిగాడు.

వచ్చే శనివారం పిండి కలుపుతూ
"ప్రభువా కరుణించు" నలభై ఒక్కసార్లు అనాలి.
ఇరవై దాటాక మామయ్య లెక్క తప్పాడు,
మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ తప్పాడు.
నాకు లెక్క తెలుసు.
చెప్పలేదు.